బువ్వ బంద్

మా నాన్న అంతయ్య ఆర్టీసీ డ్రైవరు. సకల జనుల సమ్మెలో బస్సులు ఆగిపోయాక ఆయన చేతికి స్టీరింగ్ బదులు పేపరు వచ్చింది. మా కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

ఆయనకు షుగర్. సమ్మె ముగిసి డ్యూటీలో చేరేలోపు అది దిగకపోతే తనను స్టీరింగ్ మీదినుంచి దించేస్తారని బెంగ. బెంగ నిజమే, కాదనను. కానీ ఆ బెంగతో ఆరోగ్యం పేజీ చదివే మనిషితో కాపురం పగవాళ్లకు కూడా వద్దు. సోమవారం గుడ్డులో పచ్చసొన విషం, గురువారం అదే అమృతం. ఎక్కడో ఎవరో ఎలుకలకు ఏదో పెడితే, వనస్థలిపురంలో మా అమ్మ కూర మార్చాలి.

చివరికి ఒకరోజు, తెల్లన్నం ఎక్కువ తినేవాళ్లకు షుగర్ ముప్పని ఏదో పరిశోధన తేల్చిందట.

"యాదలక్ష్మీ, ఇయ్యాల్టి సంది బువ్వ బంద్!" అని నాన్న పిలుపిచ్చాడు.

"బువ్వ బందైతే ఏం తింటవ్?" అంది అమ్మ.

"టిఫిన్ జెయ్."

అప్పటినుంచి పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం గిన్నెకు ఒత్తి కాల్చిన సర్వపిండి, సాయంత్రం అటుకులు, రాత్రి దోసె. రుబ్బి రుబ్బి అమ్మ రెక్కలు పడిపోయాయి. అయినా ముగ్గురం నమ్మాం. మా ఇంట్లో టిఫిన్‌ను ఎవరూ తిండిగా లెక్కపెట్టరు. కడుపునిండా ఇడ్లీలు తిని కూడా "ఇంక బువ్వ తినలే" అనే అంటారు.

ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టిన రోజు నాన్న రోడ్డు మీద పొయ్యిలు వెలిగించాడు, అందరికీ వడ్డించాడు, తాను మాత్రం విస్తరి ముందు కూర్చోలేదు.

"అంతన్నా, తెలంగాణ కోసం ఒక్క ముద్ద తినరాదె!" అని తోటి డ్రైవర్లు బతిమాలారు. సాంబారు వాసనకు గుటకలు మింగుతూ పక్కనే నిలబడ్డాడు. ఇంటికొచ్చి నాలుగు దోసెలు తిన్నాడు.

తర్వాత నేనే ఆయన్ని దిల్‌సుఖ్‌నగర్‌లో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. రిపోర్టులో షుగర్ దిగలేదు సరికదా, ఇంకా ఎక్కింది.

"అన్నం తగ్గించారా?" అన్నాడు డాక్టరు.

"తగ్గించుడేంది సార్, ముట్టనే లే!"

"మరి ఏం తింటున్నారు?"

నాన్న పేపర్లోని పరిశోధనతో సహా గర్వంగా అన్నీ చెప్పాడు. డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "ఇడ్లీ దేంతో చేస్తారండీ? సర్వపిండి? అటుకులు?"

నాన్న నా వైపు చూశాడు. "గవి టిఫిన్లు గద సార్?"

"అన్నీ బియ్యమే. అన్నం అనే పేరు మానేస్తే ఏం లాభం? కంచంలో బియ్యం తగ్గించి కూర, పప్పు పెంచుకోండి. రోజూ నడవండి. అంతేనండీ పరిశోధన."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మీదో, పేపరు మీదో, దోసె కూడా బియ్యమేనని తట్టని నా బీఎస్సీ మీదో తెలియలేదు. ఆటోలో ఇల్లు చేరేదాకా సణుగుతూనే ఉన్నాను. విన్న అమ్మ ఇంకా మండిపడింది.

"నా రెక్కలిరిగినంక జెప్పిండా!" అంటూ కంచం ముందు పెట్టింది. గుప్పెడు అన్నం, దాని చుట్టూ బోలెడు తోటకూర, గిన్నెడు పప్పు.

"గింతేనా?" అన్నాడు నాన్న.

"గింతే."

ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. చాలాసేపు నమిలాడు. తల ఎత్తకుండానే అన్నాడు:

"గీ గింత బువ్వ... ఆనాడు చౌరస్తాల అందరితోని కూసోని తినకపోతినే."

అమ్మ ఇంకో గరిటె తోటకూర వేసింది. నాకు ఆయన మీద కోపం రానిది ఆ ఒక్క మాటకే.