పైనుంచి కానరాని చోటు

అక్షరాలు నాకు ముసలితనంలో వచ్చాయి. తప్పులుంటే దిద్దుకొని చదవండి. చెయ్యి నిదానం, ఈ నాలుగు మాటలకే చాలా రోజులు పట్టింది. ఇది భూపాలపల్లి క్వార్టర్లలో మా పక్కింటి ముత్తమ్మ సంగతి.

ముత్తమ్మ భర్త ఉప్పలయ్య బొగ్గు బాయిలో, భూమి అడుగున, పని చేస్తూనే గుండె ఆగి పోయాడు. ప్రాణం పోయిన చోట దినాలు అయ్యేదాకా దీపం పెట్టాలి. లేకుంటే పోయిన మనిషి చీకట్లో తడుముకుంటాడంటారు. శవాన్ని పడుకోబెట్టిన వాకిట్లో దీపం పెట్టారు గాని ముత్తమ్మ మనసు ఒప్పలేదు. ఆయన పోయింది ఇక్కడ కాదు గదా.

భర్తతో పనిచేసే జయపాల్ పలకరించడానికి వస్తే అడిగింది.

"ఒక్క దీపం, జయపాల్. ఆయిన పడ్డ కాడ పెట్టి రారాదు?"

"లోపట గ్యాసుంటది వదినా. అగ్గిపెట్టె దొరికితే నౌకరే పోతది. ఒకపారి నా జేబుల బీడీలు చూసి అన్ననే నన్ను రెండు గుద్ది బయటికి తోలిండు."

ఆమెకు నవ్వు, ఏడుపు ఒక్కసారే వచ్చాయి.

ఆ సాయంత్రం కూతురు శ్రీలత, తల్లి మనసు మళ్ళించాలని ఫోను చూపించింది. అంతరిక్షం నుంచి తీసిన రాత్రి హైదరాబాదు. పొయ్యిలోని నిప్పులన్నీ నేల మీద కుమ్మరించినట్టుంది.

"బాపు తీసిన బొగ్గుతోనేనమ్మా గీ ఎలుగు."

ముత్తమ్మ చాలాసేపు చూసింది. "మన బాయేది?"

శ్రీలత బొమ్మను జరిపింది. నలుపులో చిన్న చుక్క. "గిది భూపాలపల్లి."

"మీ బాపు దీని కిందున్నడా?"

"ఉన్నడు."

"గంత పైకెళ్ళి చూసినా గనవడడా, బిడ్డా?"

శ్రీలత ఫోను పక్కన పెట్టేసింది.

తెల్లారి పనికి పోతున్న జయపాల్‌ను ముత్తమ్మ పిలిచింది. "దీపం వద్దు తియ్యి. ఆ కాడికి పోయి పేరు పెట్టి పిలువు. ఇంటికాడ దీపం పెట్టిన్రు, గిటు రమ్మన్నదని చెప్పు."

అతను తలూపాడు. పని దిగి వచ్చేసరికి ఆమె వాకిట్లోనే కూర్చుని ఉంది.

"పిలిచినవా?"

"పిలిచిన వదినా."

"ఏమన్నడు?"

బొగ్గు తీసేసిన చోటు కూలకుండా ఇసుకతో నింపుతారు, ఆ చోటునూ అప్పటికే అలా మూసేశారు. జయపాల్ అక్కడిదాకా పోనేలేదు. ఆ మాట తర్వాత నాతో అన్నాడు, ఆమెతో మాత్రం అనలేకపోయాడు.

"వస్తనన్నడు," అన్నాడు.

దినాలు అయిపోయాయి, చుట్టాలు వెళ్ళిపోయారు. ముత్తమ్మ మాత్రం వీధి తలుపు ఎవరినీ మూయనియ్యలేదు.

కొమురమ్మ, అరవై మూడేళ్ళు. ఇప్పుడు ఉండేది పెద్దవంగరలో.