ఒక్క శనివారం కూడా తప్పకుండా

కొంప ముంచింది నఫ్తాలి రాతే. వేరే ఎవరినీ అనాల్సిన పని లేదు.

చైనా దేశపు హార్బిన్‌లోని యూదుల సంఘం ఇంటికి చరిత్ర రాసివ్వమని సర్కారు ఇళ్ళ శాఖ వాళ్ళు అడిగారు. ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, ఇప్పుడు దేనికి వాడుతున్నారు, అంతే. సంఘం కార్యదర్శిగా ముక్తసరిగా నాలుగు ముక్కలు రాసి పడేస్తే పోయేది. నఫ్తాలి ఊరుకుంటాడా! నాలుగు పేజీలు నింపాడు. కలప వ్యాపారి ఒకాయన కట్టించిన సంగతి, కింది హాల్లో పెళ్ళిళ్ళూ నాటకాలూ జరిగిన సంగతి, యుద్ధకాలంలో రైళ్ళు దిగిన కాందిశీకుల్లో పూటకు మూడు వందల మందికి సూపు కాచిన సంగతి, జపాను సైనికులు పుస్తకాలు ఎత్తుకుపోయిన సంగతి, అన్నీ. అక్కడితోనైనా ఆగాడా? "తలుపులు తెరిచిన రోజు నుంచి నేటి వరకు ఒక్క శనివారం కూడా తప్పకుండా పదిమంది మగవాళ్ళు ఇక్కడ ప్రార్థన చేశారు. పదిమంది లేనిదే మాకు సామూహిక ప్రార్థన లేదు" అని చివర గొప్పగా రాసి, సంతకం కింద గీత కూడా గీశాడు.

సోమవారం వచ్చిన అధికారి ల్యూ ఆ వాక్యం దగ్గర వేలు పెట్టాడు.

"బాగుంది కామ్రేడ్. పదిమంది ఉంటే ఇది ప్రార్థనాలయమే. లేకపోతే ఖాళీ ఇల్లు. ఫ్యాక్టరీ వాళ్ళకు హాస్టలు కావాలి. శనివారం వచ్చి చూస్తా."

"పైన ఆరుగురు ముసలివాళ్ళున్నారు బాబూ," అంది ఫీరా. ఆమె నఫ్తాలి భార్య. మేడ మీద ఆ ఆరుగురికీ వండిపెట్టేదీ, ఒళ్ళు తుడిచేదీ ఆమే. "వాళ్ళెక్కడికి పోతారు?"

"బంధువుల దగ్గరికి."

"బంధువులుంటే ఇక్కడెందుకుంటారయ్యా!"

ల్యూ చెడ్డవాడు కాదు. తల దించుకుని, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తలుపు మూసీ మూయకముందే ఫీరా మొగుడి మీద పడింది. "నీకేమైనా మతి పోయిందా? అడగనిదంతా ఎవడు రాయమన్నాడు నిన్ను?"

"అబద్ధం రాశానా?"

"నిజం రాసి ఉద్ధరించావులే! ప్రార్థనకు నడిచొచ్చేది నీతో కలిపి తొమ్మిదిమందే. చెప్పు, పదో మనిషి ఎక్కడున్నాడో చెప్పు."

పదో మనిషి మేడ మీదే ఉన్నాడు. షాయె తాత, తొంభై ఒక్కేళ్ళు. ఆరుగురిలో మగవాడు ఆయనొక్కడే. నిరుటి నుంచి ప్రతి శనివారం కుర్చీలో కూర్చోబెట్టి కిందికి మోసుకొస్తున్నారు. ఇప్పుడు ఛాతీ నిండా నిమ్ము. కదిలించవద్దని డాక్టరు గట్టిగా చెప్పి పోయాడు.

ఊళ్ళో ఇంకో మగవాడి కోసం నఫ్తాలి నాలుగు రోజులు మంచులో తిరిగాడు. ఉన్న ఒక్కడూ, పళ్ళ డాక్టరు, గురువారం పెట్టేబేడా సర్దుకుని ఆస్ట్రేలియాకు రైలెక్కాడు. ఫీరా, మేడ మీది అయిదుగురు ఆడవాళ్ళు, మొత్తం ఆరుగురున్నారు. ఆడవాళ్ళు ఆ పదిలోకి రారు. పెళ్ళయినప్పటి నుంచీ ఆ మాట మీద ఆమెకు మంటే. ఈ వారం మాత్రం ఏడుపొచ్చింది.

శనివారం పొద్దున్నే ఆమె షాయె తాత చెవి దగ్గర వంగింది. "తాతా, కిందికి తీసుకెళ్ళమంటావా? వద్దంటే వద్దు."

"పట్టుకుపోండే," అన్నాడాయన ఆయాసపడుతూ. "ఇక్కడ పడుకుని ఎవరిని ఉద్ధరించాలి?"

ప్రార్థనకొచ్చిన వాళ్ళలో నలుగురు ముసలివాళ్ళు కుర్చీ పట్టారు. మెట్టు మెట్టుకీ ఆయన మూలిగాడు. ప్రార్థన గదిలో, పొయ్యి పక్కన దించారు. ఆడవాళ్ళు తెర వెనకే ఉండాలి. ఆవేళ ఫీరా కుర్చీ పక్కనే నిలబడింది. ఎవరూ తెర వెనక్కి పొమ్మనలేదు.

ల్యూ వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. ప్రార్థన మొదలైంది. తమ ధర్మగ్రంథం తోరా రాసిన తోలు చుట్టను బయటికి తీశారు. చదవడానికి కోహెన్ వంశస్థుణ్ణే, అంటే పూర్వపు పూజారుల వంశం వాణ్ణే, ముందు పిలవాలి. వాళ్ళలో కోహెన్ నఫ్తాలి ఒక్కడే.

అతను చదువుతుండగా ఫీరా దుప్పటి సర్దబోయింది. షాయె తాత ఛాతీ కదలడం లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఊపిరి లేదు.

దేవుడా, ఇప్పుడా!

నఫ్తాలికి చెప్పాలి. చెప్పి తీరాలి. శవమున్న కప్పు కింద కోహెన్ క్షణం కూడా ఉండకూడదు. నఫ్తాలి ఆ నియమం ఎంత గట్టిగా పాటించేవాడంటే, ఫీరా తల్లి పోయినప్పుడు, చివరి చూపుకు పిలిచినా శ్మశానం గేటు దాటలేదు. చెబితే బయటికి పరిగెత్తుతాడు. ల్యూ లెక్క పెడతాడు. మేడ మీది అయిదుగురూ వీధిన పడతారు. చెప్పకపోతే తన మొగుడి చేత, తెలియకుండా, ఎన్నడూ చేయని పాపం చేయిస్తున్నట్టు.

ఆమె చెప్పలేదు. దుప్పటి షాయె తాత గడ్డం దాకా లాగి, భుజం పట్టుకుని నిలబడింది.

చదవడం అయ్యాక ల్యూ లేచాడు. మనుషుల్ని వేలు చూపి లెక్కపెట్టడం యూదులకు గిట్టదు. అతనికేం తెలుసు? ఒకటి, రెండు, మూడు అంటూ వచ్చాడు. తొమ్మిది దాటి కుర్చీ దగ్గర ఆగాడు.

"ఈయన నిద్రపోతున్నాడా?"

నఫ్తాలి బల్ల దగ్గర్నుంచి గబగబా వచ్చాడు. షాయె తాత రెండో భుజం మీద తన చెయ్యి వేశాడు. వేసి, తియ్యలేదు.

"తొంభై దాటిన మనిషి. ప్రార్థనలో ఉన్నాడు."

"పది," అని ల్యూ పుస్తకంలో రాసుకున్నాడు. అతని మొహంలో నిజంగానే సంతోషం కనిపించింది. "నాకు నమ్మకం కుదిరింది. వచ్చే శనివారం మా పై అధికారిని తీసుకొస్తా. ఆయన కూడా కళ్ళారా చూస్తే సంతకం పెడతారు. ఇంక మీకు భయం లేదు."

వీధి తలుపు పడిన చప్పుడు వినిపించింది.

"నఫ్తాలీ," అంది ఫీరా. "షాయె తాత..."

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"నువ్వు దుప్పటి సర్దడం ఆపినప్పుడు తలెత్తి చూశాను."

ఒక్కొక్కరే కుర్చీ వైపు తిరిగారు. ఎవరో చిన్నగా ఏడవడం మొదలుపెట్టారు. వచ్చే శనివారం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తి ఏం లాభం? ఫీరా మొగుడి చెయ్యి పట్టుకుని లాగింది, గుమ్మం వైపు తోసింది.

"పో నఫ్తాలీ, బయటికి పో. నువ్విక్కడ ఉండకూడదు. నీ కాళ్ళు పట్టుకుంటా, పో!"

అతను కదల్లేదు.

"నేను కూడా పోతే ఎనిమిదిమందే ఫీరా," అన్నాడు.