కుందేలు గుర్తు చెప్పుల షాపు

అతను ఎడమ మోకాలికి గుడ్డ పీలికను మూడు చుట్లు చుట్టి ముడేసి, మడిచిన ప్యాంటు కిందికి దించుకున్నాడు. ముప్పై మూడేళ్ళుగా రోజుకి వందసార్లు నేలకానిన మోకాలు అది. చర్మం నల్లబడి, గట్టిపడి, ఒంటె మోకాలిలా తయారైంది. మొదట్లో నొప్పికి కట్టేవాడు. ఇప్పుడు నొప్పి లేని రోజున కూడా కట్టకపోతే ఏదో మరిచిపోయి బయల్దేరినట్టుంటుంది.

ముందుగదిలో కూతురు గోడకానుకుని కొత్త బూట్లు తొడుక్కుంటోంది. ఫోనులో చూసి తెప్పించుకున్నవి. అతను ఊరుకోలేక ముందుకి వంగి, కూతురి మడమ అరచేతిలోకి తీసుకుని, బొటనవేలి దగ్గర నొక్కి చూశాడు.

"అర సైజు చిన్నవమ్మా. వేలు తగుల్తోంది."

"వాడితే సాగుతాయిలే నాన్నా."

"ఇవి సాగే రకం కాదు. మా షాపులో అయితే..."

"మీ షాపులో ఉన్నవి అమ్మమ్మలు వేసుకునేవి," అని నవ్వి, సంచీ భుజాన తగిలించుకుని పరీక్షకి వెళ్ళిపోయింది. మెట్లు దిగుతున్న చప్పుడులోనే తెలుస్తోంది, కుడికాలు ఎత్తి ఎత్తి వేస్తోందని.

కుట్టుమిషను దగ్గర కూర్చున్న భార్య సూదిలోకి దారం ఎక్కిస్తూ తలెత్తకుండానే అంది. "ఈ వారంతో మూతపడే షాపుకి ఇంకా మా షాపు, మా షాపు అంటారేంటి? గోడౌన్ పని సంగతి ఇవాళైనా తేల్చుకు రండి. మా అన్నయ్య ఊరికే అనలేదు."

అన్నయ్య అన్న మాట ఏ విందులో కలిసినా వినపడేదే. మా బావ ఊళ్ళో అందరి కాళ్ళూ పట్టుకున్నాడు, పట్టుకోవాల్సినవాడి కాళ్ళు తప్ప. విన్నవాళ్ళందరూ నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. మొదటిసారి నిజంగానే నవ్వొచ్చింది.

షాపు వీధి మలుపులో రెండంతస్తుల మేడ. బోర్డు మీద పరుగెత్తే కుందేలు, దాని ఒక చెవి రంగు వెలిసి రేకు బయటపడింది. పందొమ్మిదేళ్ళ వయసులో అతను ఇక్కడ చేరిన రోజు షాపు యజమాని పెద్దసారు ఒక్క మాటే చెప్పాడు. "మొహం చూడకు, కాలు చూడు. మొహం అబద్ధమాడుతుంది. కాలికి ఆ తెలివి లేదు." ఆ మాట అతను గట్టిగా పట్టుకున్నాడు. రోజంతా నిలబడి పనిచేసేవాళ్ళెవరో, చిన్నప్పుడు అన్నల బూట్లు తొడుక్కుని పెరిగినవాళ్ళెవరో కాలు చూసి చెప్పేసేవాడు. మనిషి ఎదురుపడితే గుర్తుండేది కాదు, కాలు చాపితే గుర్తొచ్చేది.

బడులు తెరిచే వారంలో జనం పక్కవీధి దాకా బారు తీరేవారు. పెద్దసారు చీటీలు పంచి లోపలికి పంపేవాడు. ఆ ఊపులోనే పైఅంతస్తు కట్టాడు, కొత్త బజారులో రెండో షాపు తెరిచాడు. దాని ఎదురుగానే నడిచే మెట్లున్న పెద్ద మాల్ లేచింది. రెండో షాపు రెండేళ్ళకే మూతపడింది, ఆ దిగులుతోనే పెద్దసారు పోయాడు. తర్వాత ఫోన్లొచ్చాయి. జనం చెప్పులు కొనడం మానలేదు, వేసి చూసుకోవడం మానేశారు. పదకొండుమంది పనివాళ్ళు ఒక్కొక్కరే తగ్గి ఇద్దరు మిగిలారు. బిల్లు కౌంటర్ దగ్గరి ఆవిడ, అతను.

పైఅంతస్తు మూసినప్పుడు పెద్దసారు కొడుకు చిన్నసారు అతన్ని పక్కకి పిలిచి, మీ ఇద్దరిలో ఎవర్ని ఉంచమంటావని అడిగాడు. రెండోవాడు ఇరవయ్యేళ్ళుగా స్నేహితుడు, ఒకే డబ్బాలో అన్నం తిన్నవాడు. వాడికి ఈమధ్య చూపు ఆనడం లేదండీ, అని అతను చెప్పాడు. అది నిజం. నిజమే కనక నిద్రకేమీ లోటు రాలేదు.

ఇవాళ అద్దాల నిండా ఎర్ర కాగితాలు అంటించి ఉన్నాయి. అంతా అమ్మేస్తున్నాం, ఆఖరి వారం. ఆరేళ్ళుగా ఈ గుమ్మం తొక్కనివాళ్ళు కూడా పొద్దున్నే వచ్చి తలుపు తీసేదాకా నిలబడ్డారు. చావుకొచ్చినవాణ్ణి చూడ్డానికి చుట్టాలంతా వచ్చినట్టుంది, అంది కౌంటర్ ఆవిడ.

పదకొండింటికి ఒక యువ జంట వచ్చింది. ఆ అమ్మాయి పాదం సన్నం, మడమ మరీ సన్నం. రెండోవేలు బొటనవేలికన్నా పొడుగు. ఏ చెప్పయినా వెనక జారుతుంది, ముందు కరుస్తుంది. అతను మోకాలి మీద కూర్చుని పదకొండు జతలు మార్చాడు. చివరికి ఒక జతలో మడమ కింద పలచటి మెత్త పెట్టి, పట్టీ ఒక చిల్లు బిగించాడు.

అమ్మాయి లేచి నాలుగడుగులు వేసింది. మొహం విప్పారింది. "ఇంత హాయిగా ఏ చెప్పూ లేదండీ నాకు."

భర్త అట్టపెట్టె తీసుకుని, దాని మీది చీటీకి ఫోనుతో ఫొటో తీశాడు. కాసేపు వేలితో గీకాడు. "ఇదే జత, ఇక్కడికన్నా తక్కువకి వస్తోంది. రేపు పొద్దున్నకల్లా ఇంట్లో ఉంటుంది."

అమ్మాయి చెప్పులు విప్పేసింది. లోపలి మెత్త తీసి, ఇది నేనుంచుకోవచ్చా అని అడిగింది. వెళ్తూ, "థాంక్స్ అంకుల్, సైజు మీ వల్లే తెలిసింది," అంది.

సిగ్గుపడాల్సింది ఎవరో తేలక అతనే తల దించుకున్నాడు. పదకొండు జతలూ కాగితాల్లో చుట్టి పెట్టెల్లో సర్దాడు.

చిన్నసారు అద్దాల గదిలోంచి ఇదంతా చూశాడు. నలభై దగ్గరపడ్డ మనిషి. చిన్నసారుకి బడికెళ్ళే మొదటి బూట్లు తొడిగింది కూడా ఈ చేతులే. ఏడుస్తూ కడుపులో తన్నాడప్పుడు.

"పెద్దన్నా, ఇలా రా. నిన్న కుందేలు వేషం వేసినవాడు ఇవాళ రానంటున్నాడు. ఎండట."

గది మూలన, కుర్చీలో, కుందేలు ఒళ్ళు చచ్చినట్టు వాలి ఉంది. దాని తల నేలమీద పళ్ళికిలించి చూస్తోంది.

"ఇంకెవరినైనా పిలుద్దామా సార్?"

"ఇప్పటికిప్పుడు ఎవరొస్తారు? నువ్వేసుకో. ఒక్క గంట."

"నాకు డాన్సు రాదండీ."

"కుందేలుకి మాత్రం ఎవరు నేర్పారు? చేతులూపు చాలు." చిన్నసారు గొంతు తగ్గించాడు. "సాయంత్రం గోడౌన్ వాళ్ళు వస్తున్నారు. వయసైపోయిందని నిన్ను వద్దంటారేమోనని నా భయం. నువ్వు హుషారుగా ఉన్నావని వాళ్ళకి తెలిస్తే, ఇంక నేను చెప్పేదేముంటుంది?"

ఈ మేడని గోడౌన్‌గా వాడుకోడానికి ఆన్‌లైన్ సరుకుల కంపెనీకి అద్దెకిస్తున్నారు. ఇక్కడినుంచి ఎవరిని పనిలోకి తీసుకోవాలో రాసిన కాగితం నిన్నటినుంచీ ఆ గదిలో బల్ల మీదే ఉంది. రెండు పేర్లు. ఒకటి కౌంటర్ ఆవిడది, ఒకటి చిన్నసారు బావమరిదిది. అతను నిలబడ్డ వైపునుంచి అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. పైగా ఒకరి కాగితాలు చదివే అలవాటు అతనికి లేదు.

"వేసుకుంటాను సార్," అన్నాడు.

కౌంటర్ ఆవిడ వెనకనుంచి జిప్పు లాగింది. మెడ దగ్గర కుట్టిన గుడ్డముక్క మీది అక్షరాలు చదివింది. "ఇరవై నిమిషాలకోసారి తల తియ్యాలంట అన్నా. అద్దం మీద కొట్టు, వచ్చి తీస్తా." తల పెట్టి, వెనక రెండు కొక్కేలు బిగించింది. చేతులకి దిండ్లలాంటి తొడుగులు. వాటితో తన ముక్కు కూడా తాను గోక్కోలేడు.

లోపల వేరే మనుషుల చెమట వాసన. కళ్ళు ఉత్త ప్లాస్టిక్ బిళ్ళలు, వాటిలోంచి ఏమీ కనపడదు. నోటి దగ్గర మాత్రం వల గుడ్డ ఉంది. దానిలోంచి చూస్తే కిందివైపు రెండు మూరల నేల కనపడుతుంది. ఆ నేల మీద కాళ్ళు.

మిట్టమధ్యాహ్నం. తారు రోడ్డు మెత్తబడి మడమల గుర్తులు పడుతున్నాయి. అతను చేతులూపాడు, అటు రెండడుగులు, ఇటు రెండడుగులు. ఎవరో నవ్వారు. పిల్లలు తోక పట్టి లాగారు. భుజాల మీద చేతులు పడ్డాయి, ఫొటోలు దిగారు. ముప్పై మూడేళ్ళలో అతని మొహంలోకి ఎవరూ ఇంత సరదాగా చూడలేదు. అది అతని మొహం కాకపోయినా బాగానే ఉంది. ఒకసారి గెంతాడు కూడా. గెంతితే కేరింతలు కొట్టారు, మళ్ళీ గెంతాడు.

కాళ్ళు వస్తున్నాయి, పోతున్నాయి. ఈ వంకర వేలు తెలుసు. ఈ బూట్లు తను అమ్మినవే, అడుగు ఒకసారి మార్పించారు. ఈవిడ సైజు ఐదు, నాలుగు వేసుకుని తిరుగుతోంది. చెబుదామనుకున్నాడు. కుందేళ్ళు మాట్లాడవు.

ఇరవై నిమిషాలు ఎప్పుడో దాటాయి. చెమట కళ్ళల్లోకి దిగుతోంది, తుడుచుకునే దారి లేదు. అద్దం దగ్గరికెళ్ళి కొట్టాడు. అతనికి కనపడదు గానీ, లోపల కౌంటర్ ముందు ఎనిమిదిమంది బారు. ఆవిడ చూసింది, ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించింది, మళ్ళీ బిల్లు కొట్టడంలో పడింది. బారులోవాళ్ళు కుందేలు తమనే పలకరిస్తోందనుకుని చేతులూపారు. అతను రెండు చేతులతోనూ కొట్టాడు. ఒక చిన్నపిల్ల పరుగున వచ్చి అటువైపునుంచి అద్దం మీద తన అరచేతులు అతని చేతులకి సరిగ్గా ఆనించింది. అందరూ ఎంత ముద్దుగా ఉందో అన్నారు.

చిన్నసారు బయటికొచ్చాడు. "అదరగొడుతున్నావ్ పెద్దన్నా! వీధి వీధంతా ఇటే చూస్తోంది. ఇంకో పావుగంట, ఆపకు."

"సార్, తల..." అన్నాడు లోపలినుంచి. ఆ మాట స్పాంజిలోనే ఇంకిపోయింది.

"ఆఁ, తల కూడా ఊపు. బావుంటుంది," అని చిన్నసారు లోపలికెళ్ళాడు.

అతను కాసేపు తల ఊపాడు. తర్వాత చెమట ఆగిపోయింది. అమ్మయ్య అనిపించింది. ఒళ్ళంతా చల్లగా, తేలిగ్గా ఉంది. మెట్టు ఎక్కడో తడిమి, నీడ లేని ఆ మెట్టు మీదే కూర్చుని, గోడకి వాలాడు. వల గుడ్డలోంచి కనపడే రెండు మూరల నేల మీద ఇంకా కాళ్ళు నడుస్తూనే ఉన్నాయి. వాటి నంబర్లు చెప్పుకుంటూ పోయాడు. ఏడు. ఎనిమిది, వెడల్పు పాదం. ఐదు. ఆరు. తర్వాత ఒక జత చాలాసేపు ఎదురుగా ఆగింది. దాని నంబరు అతనికి తెలియలేదు.

ఒక తండ్రి కొడుకుని తెచ్చి కుందేలు ఒళ్ళో కూర్చోబెట్టాడు.

"నాన్నా, కుందేలు బజ్జుంది."

"మంచిదేగా, కదలదు. నువ్వు నవ్వు."

ఆ తర్వాత ఇంకో నలుగురో అయిదుగురో ఫొటోలు దిగారు. ఒకామె కుందేలు చెయ్యెత్తి తన భుజం మీద వేసుకుంది, జారిపోతే మళ్ళీ వేసుకుంది.

మూడుంబావుకి కౌంటర్ ఆవిడ అన్నం డబ్బా తెరిచి, మూత చేతిలో ఉండగానే గుర్తొచ్చి పరిగెత్తింది.

అంబులెన్సు వాళ్ళు కత్తెర తీశారు. చిన్నసారు గబగబా ముందుకొచ్చాడు. "కొయ్యకండి, అద్దెది. వెనకాల జిప్పుంది." బోర్లా తిప్పారు. జిప్పు చొక్కాని పట్టుకుని సగంలో ఆగిపోయింది, నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాల వల్ల పోయిందేమీ లేదని తర్వాత డాక్టరు చెప్పాడు. అప్పటికే ప్రాణం పోయి గంటైందట. చిన్నసారు ఆ మాటని రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు.

షాపు మూయలేదు. గౌరవంగా ఒక తలుపు మాత్రం వేశారు. ఆరేళ్ళలో ఎన్నడూ లేనంతగా ఆరోజు అమ్మకాలు సాగాయి. గోడౌన్ వాళ్ళు అయిదింటికి వచ్చారు, టేపు పట్టి నేల కొలుచుకుని వెళ్ళారు. కుందేలు గురించి అడగలేదు.

ఆసుపత్రి నడవాలో, గోడవారనున్న ఇనప బెంచీ మీద, భార్య కూర్చుని ఉంది. మెడలో కొలత టేపు తీయకుండానే వచ్చేసింది. కూతురికి ఫోను చేస్తే, పరీక్షకని ఆపేసిన ఫోను ఇంకా ఆన్ చేసినట్టు లేదు. చీకటి పడకముందే కౌంటర్ ఆవిడ వచ్చి పక్కన కూర్చుంది.

"గోడౌన్ పని సంగతి అడిగారా ఆయన?" అంది భార్య.

కౌంటర్ ఆవిడకి మధ్యాహ్నమే తెలిసింది, కాగితం మీద ఎవరెవరి పేర్లున్నాయో. ఎదురుగోడ మీది పెచ్చులు చూస్తూ, "అడిగారొదినా. ఇస్తామన్నారు," అంది.

"మరి ఇంకేం," అంది భార్య. ఎందుకందో ఆమెకే తెలియలేదు.

కౌంటర్ ఆవిడ సంచీలోంచి కొత్త అట్టపెట్టె తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. "సారు ఇమ్మన్నారు. మీకే. సైజు తెలీదంటే, ఆడవాళ్ళకి ఆరో నంబరు సరిపోతుందిలే అన్నారు." పొద్దుపోతే బస్సు దొరకదని లేచి, భుజం మీద చెయ్యి వేసి వెళ్ళిపోయింది.

ఇంకేం చెయ్యాలో తోచక భార్య మూత తీసింది. తెల్లటి పలచ కాగితం, లోపల ముదురు నీలం రంగు తోలు చెప్పులు, అంచున సన్నటి కుట్టు. కుట్టుపని తెలిసిన మనిషి కనక వేలితో తడిమి చూసింది. మంచి కుట్టు. ఒకటి తీసి నేలమీద పెట్టి ఎడమకాలు దూర్చింది. రెండోది పెట్టి కుడికాలు దూర్చబోయింది. వేళ్ళు పక్కకి పోయాయి. తీసి చూసింది, మళ్ళీ దూర్చింది. రెండూ ఎడమకాలివే.

నర్సు వచ్చి, సంతకం పెట్టాలి, లోపలికి రండి అంది. ఆమె తన పాత చెప్పులు వెతుక్కుని తొడుక్కుని, ఎవరో నెట్టినట్టుగా లేచి వెళ్ళింది.

బెంచీ మీద మూత లేని పెట్టె, దానిలోంచి సగం బయటికొచ్చిన కాగితం. బెంచీ కింద నున్నటి గచ్చు మీద రెండు ఎడమ చెప్పులు, ఒకేవైపు ఒంపు తిరిగి, కొత్తవి.