ఆగి మళ్లీ కదిలిన మిషను

దర్జీ రోజూ తొమ్మిదింటికల్లా కొట్టు తెరిచి, మిషనుకు రెండు చుక్కలు నూనె వేసి, ఇంటి దగ్గర భార్య ఫ్లాస్కులో పోసిచ్చిన కాఫీ తాగి పనిలో కూర్చునేవాడు. కొట్టంటే మూడంతస్తుల ఇంట్లో కింది గది. మెట్లు దాని గోడను ఆనుకునే పైకి వెళ్తాయి. ఎక్కేదెవరో దిగేదెవరో చెప్పుల చప్పుడును బట్టే చెప్పేసేవాడు.

ఆ మెట్లమీంచే పై వాటా ఆవిడ పడి చనిపోయింది. ఆరేసిన బట్టలు తేబోయి కాలు జారిందన్నాడు మొగుడు. తోసేశాడని ఆమె తమ్ముడు కేసు పెట్టాడు. ఆ మధ్యాహ్నం ఇంట్లో వాళ్లిద్దరూ కాక ఉన్నది దర్జీ ఒక్కడే. పోలీసులు అడిగితే "మిషను చప్పుడులో నాకేమీ వినపడలేదండీ" అనేశాడు.

విచారణ మొదలైన రోజు నుంచీ చనిపోయిన ఆవిడ కూడా కోర్టుకు వచ్చేది. ఒక కాలికే చెప్పుతో, అందరికంటే ముందొచ్చి వెనక కుర్చీలో కూర్చునేది. పోయాక చెప్పే మాట సాక్ష్యంగా చెల్లదు కనక జడ్జిగారు ఆమెను ఏమీ అడగలేదు. ఎండ మొహాన పడుతోందని బంట్రోతు మాత్రం ఆమె కుర్చీని ఫ్యాను కిందకి జరిపాడు.

దర్జీ సాక్ష్యం చెప్పాల్సిన రోజు సర్కారు వకీలు అతన్ని వరండాలో పట్టుకున్నాడు.

"చూడవయ్యా, పడిందన్నది అందరూ ఒప్పుకున్నదే. జారిందా, తోశాడా అన్నదే తేలాలి. పడేముందు ఏం జరిగిందో చెప్పేవాడు లేకపోతే ఆ మొగుడు దర్జాగా ఇంటికెళ్తాడు."

"నాకేం తెలుసండీ," అన్నాడు దర్జీ నేలచూపులు చూస్తూ.

భోజనాల వేళ ఆవిడ వచ్చి అతని పక్కన బెంచీ మీద కూర్చుంది. అతను డబ్బా మూత పెట్టేశాడు.

"తిను అన్నయ్యా. నా కోసం మానకు."

"మిషను చప్పుడమ్మా... నిజంగా..."

"మిషను ఆగింది కదా," అంది. తప్పు పట్టినట్టు కాదు, గుర్తుచేసినట్టు. "నిన్ను పిలిచాను. ఆగింది. వస్తున్నావని మెట్ల కమ్మీ గట్టిగా పట్టుకున్నాను. అంతలో మళ్లీ మొదలైంది. మా ఆయన కూడా విన్నాడు."

మధ్యాహ్నం దర్జీ బోనెక్కాడు. వెనక వరసలో అతని భార్య కూర్చుంది.

"'అన్నయ్యా' అని పిలిచిందండీ. నన్నే. 'ఇక్కణ్ణుంచే తోసేస్తా, ఎవడొస్తాడో చూస్తా' అన్నాడు ఆయన. నేను మిషను ఆపి లేచాను. మళ్లీ కూర్చున్నాను. వినపడకుండా జోరుగా తొక్కాను. అయినా పడిన చప్పుడు వినపడింది."

ముద్దాయి వకీలు ఎగిరి లేచాడు. "మరి పోలీసులకు అబద్ధమెందుకు చెప్పావు? ఎవరైనా బెదిరించారా?"

"లేదండీ. సిగ్గేసింది."

"అన్నీ విన్నవాడివి ఎందుకు వెళ్లలేదు?"

"మొగుడూ పెళ్లాల గొడవ, మధ్యలో నేనెందుకులే అనుకున్నాను. ఒక ప్యాంటు అంచు మిగిలుంది. అది కుట్టేశాను." ఎవరూ అడక్కుండానే అన్నాడు: "కుట్టు వంకర కూడా పోలేదండీ."

మొగుడికి యావజ్జీవ శిక్ష పడింది. తన పరువు తనే తీసుకునే మాట ఎవడూ కల్పించి చెప్పడని జడ్జిగారు తీర్పులో రాశారు. ఆవిడ లేచి, తమ్ముడి తల నిమిరి, బంట్రోతుకు "వెళ్లొస్తాను బాబూ" అని చెప్పి, ఒంటి చెప్పుతోనే గుమ్మం దాటింది. దర్జీ వైపు చూడలేదు. కనీసం తిట్టి వెళ్లినా బాగుండుననిపించింది అతనికి.

ఇంటికి నడుస్తుంటే దారిలో భార్య అడిగింది.

"ఆ గొంతు నాదైతే?"

"పరిగెత్తేవాణ్ణి."

నిజమే చెప్పాడు. చెప్పాక ఇల్లు చేరేదాకా తలెత్తలేకపోయాడు.