రెక్క మీద వేలిముద్ర

పుర్రెకో బుద్ధి అన్నారు. మా ఆయన బుద్ధి పాత టీవీ కార్టూన్ల మీద పడింది. ఆ రోజుల్లో ఒక్కో కదలికకూ ఒక్కో ప్లాస్టిక్ షీటు మీద చేత్తో బొమ్మ వేసేవారు. ముందువైపు సిరా గీతలు, వెనకవైపు రంగులు. ముందునుంచి చూస్తే ముచ్చటైన బాతు, తిప్పి చూస్తే అతుకుల బొంత. ఆ షీట్లను ఈయన కంటికి రెప్పలా కాపాడతారు. వాటి దగ్గర గట్టిగా తుమ్మినా నాకు అక్షింతలే.

ఏళ్ల తరబడి వెతికిన బాతు ఒకటి దొరికింది. తీరా చేతికొచ్చాక చూస్తే వెనక పసుపు రంగు పెచ్చులు లేస్తోంది. పాత బొమ్మలు బాగుచేసే ఆవిడను పిలిపించారు. మా భోజనాల బల్ల మీదే ఆపరేషన్. ఆవిడ తడి దూదితో రంగు మెత్తబరిచి పెచ్చుల్ని ఒక్కొక్కటే అద్దుతోంది. రెక్క మీద ఎవరిదో వేలు పడ్డట్టుంది, దాన్ని కూడా సాపు చేసేయమని ఆయన పురమాయించారు.

మంచినీళ్లు ఇవ్వడానికి వెళ్లినదాన్ని వంగి చూశాను. పసుపు రంగులో బొటనవేలి ముద్ర. దానికి అడ్డంగా ఒక గీత.

మా అక్క ఆ కార్టూన్ల స్టూడియోలోనే రంగులు వేసేది. షీట్ల మీద చేతి మరకలు పడకూడదని అందరికీ గ్లౌజులు ఇచ్చేవారట. కుంచె పట్టు దొరకడం లేదని అక్క మాత్రం గ్లౌజును బొటనవేలి దగ్గర కత్తిరించేసి, పైవాళ్ల చేత చీవాట్లు తినేది. చిన్నప్పుడు డబ్బా మూత కోసుకుని ఆ వేలికి అడ్డంగా మచ్చ పడింది. ఆ వేళ్లతోనే నాకు జడలు వేసేది. నా పెళ్లికి ముందే పోయింది, మా ఆయన ఆమెను చూడనేలేదు. వేసిన బొమ్మల్లో ఒక్కదాని మీదా ఆమె పేరు లేదు.

దూది రెక్క అంచుకు చేరింది.

"ఆపండి," అన్నాను. "అది మా అక్క వేలు."

ఆవిడ చెయ్యి గాల్లో ఆగిపోయింది. భూతద్దం పెట్టి చూసి, నా వైపు తిరిగింది.

"తడి తగిలితే ఈ ముద్ర చెరిగిపోతుందమ్మా. తగలకపోతే రెక్క ఇవాళ కాకపోతే రేపు రాలిపోతుంది. రెండూ నిలబెట్టడం నా వల్ల కాదు."

నేను మా ఆయన్ని చూశాను. షీటు మీద నలుసు పడితే నిద్రపోని మనిషి. కాదంటే ఏం అనాలో అప్పటికే కోపంగా మనసులో కూడబలుక్కున్నాను. ఆవిడ వేళ్ల మధ్య దూది కొసన నీటిబొట్టు ఊరుతోంది. అది సరిగ్గా రెక్కకు పైనే ఉంది.

ఆయన చటుక్కున అరచెయ్యి అడ్డం పెట్టారు. బొట్టు అందులో పడింది.

"రెక్క వదిలేసి మిగతాది చెయ్యండి," అన్నారు.

ఇప్పుడా బాతు మా ముందుగదిలో ఉంది, అతుకుల బొంత వైపు బయటికి పెట్టి. రెక్క కొస అప్పుడే రాలింది. ఆ పెచ్చు ఫ్రేము అద్దం అడుగున అలాగే ఉంది. మొన్న ఆయనలాగే షీట్ల పిచ్చి ఉన్న స్నేహితుడొకడు వచ్చి, బాతును తిరగేసి పెట్టావేంట్రా అని నవ్వాడు.

"మా వదిన సంతకం ఇటువైపుంది," అన్నారు ఈయన.

కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్లినదాన్ని, స్టవ్ వెలిగించకుండా నిలబడి ఏడ్చాను.