రాగి పట్టని మీటలు

తప్పు జోగమ్మదేనని అందరికంటే ముందు అరిచింది నేనే. అరవడంలో నా తరవాతే ఎవరైనా.

ఎనభై మూడులో సంగతి. కూర్మన్నపాలెం దగ్గర రేకుల షెడ్డులో రేడియోల ప్లాస్టిక్ మీటలకు పూత వేసేవాళ్లం. యాసిడ్‌లో ముంచి, కడిగి, రాగి నీళ్లలో వేలాడదీస్తే నల్లటి ప్లాస్టిక్ మీద గోరింటాకు పండినట్టు రాగి పొర మెల్లగా పుట్టుకొచ్చేది. ఎన్నిసార్లు చూసినా ముచ్చటే నాకు. కడిగాక మాత్రం ఒట్టి చెయ్యి తగలకూడదు. జిడ్డున్న చోట రాగి పట్టదు.

జోగమ్మ సోమవారం పనిలో చేరింది. మంగళవారం సగం మీటలకు నల్లమచ్చలు తేలాయి.

"తొడుగుల్లేకుండా ముట్టీసినావేటి?" అన్నాను.

"లేదు తమ్ముడా, సింహాద్రప్పన్న మీద ఒట్టు."

నేను నమ్మలేదు. బుధవారమూ మచ్చలే. ఓనరు కామరాజుగారు ఆమెను మానిపించేశారు. మొగుడు పోయిన మనిషికి ఆ పనే ఆధారమని తెలిసీ నేను నోరు మెదపలేదు.

గురువారం జోగమ్మ లేదు. మచ్చలున్నాయి.

పాతకాపునన్న పొగరుతో తొడుగులు మానేసి, నా చేతికొచ్చిన కడిగిన ప్రతి మీటనూ బొటనవేలితో తడిమి చూడటం నాకలవాటు. ఇన్నేళ్లలో ఎన్నడూ ఏమీ కాలేదు. అనుమానమొచ్చి చెయ్యి వాసన చూసుకున్నాను. కొబ్బరినూనె! నా భార్య చిట్టెమ్మ పోయాక మా పాప గౌరికి మా అత్తగారే తల దువ్వేది. ఆవిడ సోమవారం ఊరెళ్లిపోయింది. మర్నాటి నుంచి దాని తలకు నూనె రాసి జడ వేస్తున్నది నేనే. సబ్బుతో కడిగినా వదల్లేదన్నమాట.

సిగ్గుతో చచ్చి, కామరాజుగారికి చెప్పేశాను.

"నన్ను మానిపించండి బాబూ, ఆవిణ్ణి కాదు."

"తొడుగులేసుకుని పనిలో అఘోరించు. ముందెళ్లి ఆవిణ్ణి పిలుచుకురా" అన్నారాయన.

జోగమ్మ గుమ్మంలోనే నిలబెట్టింది. "అందరి ముందర అరిసినావు. సెప్పీదీ అందరి ముందరే సెప్పు."

శుక్రవారం పొద్దున్న అందరి ముందూ చెప్పాను, నూనె సంగతితో సహా. ఆమె తొడుగులు వేసుకుంటూ అంది.

"ఆదివారం పిల్లని తీసుకురా. జడెయ్యడం నేర్పుతాను."

తీసుకెళ్లాను. నేను వేసింది చూసి జోగమ్మ నవ్వింది.

"ఇంత వొదులుగా యేసినావేటి? బడికెళ్లీలోగా ఇప్పోదా? గట్టిగా లాగు."

"నొప్పెడతాదేమో అప్పా" అన్నాను.

గౌరి తల తిప్పకుండానే అంది. "లాగు నాన్నా. అమ్మ లాగేది."

లాగాను. అది కిక్కురుమనలేదు. కళ్లనీళ్లు కారింది నాకే.