ఇత్తడి డబ్బా, నలభై వంగమొక్కలు

నేను ఒక మందు కొట్టే డబ్బాను. వీపుకి తగిలించుకుని, ఒక చేత్తో పిడి ఆడిస్తూ, ఇంకో చేత్తో గొట్టం తిప్పుతూ చేలో నడుస్తారే, ఆ డబ్బానే. ఇప్పటి ప్లాస్టిక్ సరుకు కాదు, నిఖార్సయిన ఇత్తడి. కంచరి నా కడుపు మీద ఆఖరి సుత్తిదెబ్బ వేసినప్పుడు, ఆ మోత విని మూడు ఊళ్ళవాళ్ళు గుడిగంట అనుకుని చెంపలేసుకున్నారు. దీన్ని నమ్మకపోయినా నేనేమీ అనుకోను. తరవాత చెప్పబోయేది మాత్రం నమ్మండి.

నా మొదటి యజమాని పత్తిరైతు. కొట్లో కొని నాలో పోసి కొట్టిన మందుకి మొదటి ఏడు పురుగులు చచ్చాయి. రెండో ఏడు తుమ్మి ఊరుకున్నాయి. మూడో ఏడు ఆకలి పెరిగి రెండింతలు తిన్నాయి. విసిగిపోయి ఆయన నన్ను సంతలో పెట్టాడు. విజయనగరం అవతలి పల్లెనుంచి వచ్చిన తవిటినాయుడు నన్ను కొని ఇంటికి తెచ్చాడు. ఆయన భార్య గురమ్మ నా మూత తీసి వాసన చూసింది. మొగుడికేసి ఒక్క చూపు చూసింది. ఆ చూపుకే నాకు సగం చిలుము వదిలిపోయింది. వారం రోజులు చింతపండూ బూడిదా పెట్టి తోమింది. ఆనాటినుంచి నా కడుపులో పడ్డవన్నీ ఇంటి సరుకులే: పులిసిన మజ్జిగ, వేపగింజల రసం, మిరపకాయ వెల్లుల్లి కషాయం. మనుషులు నోరూరించుకునే దినుసులతోనే పురుగుల్ని తరమడం నాకు భలే తమాషాగా ఉండేది.

గురమ్మ పెరట్లో నలభై వంగమొక్కలు ఉండేవి. నల్లకాడ వంగ. అది ఆమె అత్తగారి చేతి విత్తనం. ఊళ్ళో అందరూ ఎప్పుడో కొట్లో అమ్మే పొట్లాల విత్తనాలకి మారిపోయారు. కిందటేడు గురమ్మ దాచిన కుండలో ఎలుక పడి విత్తనాలన్నీ బొక్కేసింది. అడుగున మిగిలిన గుప్పెడు గింజలకి మొలిచినవే ఈ నలభై. ఇవి పోతే ఆ వంగ ఇక ఎక్కడా లేదు.

సరిగ్గా ఈ నలభై మొలిచిన ఏడే అక్షింతల పురుగు పడింది. పేరు చూసి మోసపోకండి. ఎర్రటి వీపు మీద నల్లచుక్కలు వేసుకుని ముద్దుగా ఉంటుంది, ఆకుని జల్లెడ చేసి పెడుతుంది. పెళ్ళీ లేదు, పేరంటమూ లేదు, పెరడంతా అక్షింతలే.

గురమ్మ వేపాకు కోసం వెళ్ళిన పూట ఆమె మరిది చిన్నంనాయుడు వచ్చి నన్ను అరువు అడిగాడు. తవిటినాయుడు కాదనలేని మనిషి. ఎండలో తువ్వాలు అడిగినా ఇచ్చేసి, నెత్తిన చెయ్యి పెట్టుకుని నడిచే రకం. చిన్నంనాయుడు నాలో పోసింది గడ్డిమందు, తగిలిన పచ్చని ఆకునల్లా మాడ్చేది. పొలం గట్టు పొడవునా కొట్టాడు. తిరిగొచ్చేటప్పుడు ఏట్లో ఒక్క మునక వేయించి, అదే స్నానం అన్నాడు.

"వదినా, డబ్బా అరుగు మీదెట్టేను."

"దేనికి పట్టుకెల్లేవు?"

"గట్టుమీద సిన్న పనిలే. కడిగే తెచ్చేను."

నా గొట్టంలో ఇంకా అరగ్లాసు విషం ఉంది. అడుగున చారెడు ఉంది. ఆ సంగతి నాకు తెలుసు, వాడికి తెలుసు, ఆమెకి తెలియదు. ఇత్తడికి మోత ఉంది గాని మాట లేదు.

మర్నాడు పొద్దున్నే గురమ్మ కుండలో వేపాకు, దంచిన పచ్చిమిర్చి, వెల్లుల్లి వేసి, ఆవుపంచితం పోసి ఉడికించింది. వడగట్టడానికి పాతగుడ్డ దొరకలేదు. దండెం మీది పంచె లాగింది.

"అది గంజెట్టిన పంచె," అన్నాడు తవిటినాయుడు. "రేపు నిశ్చితార్థానికి ఎల్లాలి."

"పంచెకి మళ్ళీ గంజెడతాను. మొక్కకి మళ్ళీ పేణం ఎవులెడతారు?"

వేడి కషాయం పంచెలోంచి దిగింది. గంజి కూడా కరిగి దానితోపాటే దిగింది. అందులో సగం నా కడుపులోకి, సగం కుండలో. కాస్త కుంకుడురసం కలిపి నన్ను వీపుకెత్తుకుంది.

మొదటి మొక్క. పిడి కదిలింది. గొట్టంలో నిలవున్న విషం ముందుగా బయటికి వచ్చింది. ఆకులమీద సన్నటి తుంపర, చూడ్డానికి మంచులా ఉంది. రెండో మొక్క. నేను బిగుసుకుందామని చూశాను. ఆమె చెయ్యి నాకంటే గట్టిది. మూడో మొక్క. నాలుగోదాని దగ్గర గొట్టం ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. గంజి చిక్కబడి గొట్టం కొసనున్న నాజిల్లో అడ్డం పడింది. ఏ చాకలి చేతి గంజికీ అంత పుణ్యం దక్కి ఉండదు. ఇక కదలకు తల్లీ అని దాన్ని వేడుకున్నాను.

గురమ్మ నాజిల్ విప్పింది. చీపురుపుల్ల పెట్టి పొడిచింది. రాలేదు. అప్పుడు మందు కొట్టేవాళ్ళందరూ చేసే పనే చెయ్యబోయింది. నోట్లో పెట్టుకుని ఊదడానికి ఎత్తింది. పెదవికీ దానికీ మధ్య ఒక్క వేలెడు దూరం. అంత చిన్న దూరాన్ని నేను నా జన్మలో చూడలేదు.

చెయ్యి ఆగింది. వెల్లుల్లినీ పంచితాన్నీ దాటి ఇంకేదో వాసన ఆమె ముక్కుకి తగిలింది.

"దీన్లో ఏటి పోసేరు?" అంది, గొంతు పెంచకుండానే.

తవిటినాయుడు పంచెని బకెట్లో జాడిస్తున్నాడు. జాడించడం ఆపలేదు. "సిన్నంనాయుడు గట్టుమీద గడ్డికి కొట్టినాడు."

"నాకు సెప్పనేదేటి?"

"సెప్పితే నువ్వు ఇవ్వనివ్వవు గదా."

ఆమె నన్ను దించి, లోపలున్నదంతా దూరంగా గొయ్యి తీసి పారబోసింది. సబ్బుతో చేతులు తోముకుంది. ఆ మూడు మొక్కలమీదా బిందెలకొద్దీ నీళ్ళు గుమ్మరించింది. తవిటినాయుడు చెప్పకుండానే తోడి ఇచ్చాడు. కుండలో మిగిలిన కషాయంలో వేపరెమ్మలు ముంచి, తక్కిన ముప్పైఏడింటిమీదా ఆకు ఆకుకీ చిలకరించింది. కింద నక్కిన పురుగుల్ని వేళ్ళతో ఏరింది. అలా రోజు విడిచి రోజు, నాలుగుసార్లు.

ఆ మూడు మొక్కలూ మూడోనాటికి ఉల్లిపొరల్లా ఎండిపోయాయి. నాలుగో మొక్క ఆకు చివర కూడా రెండు మచ్చలు లేచాయి. పొద్దున లేవగానే ఆమె ముందు ఆ మచ్చల దగ్గరికే వెళ్ళేది. నేను చూరుకింద నుంచి ఆమె వీపునే చూసేవాణ్ణి. వీపు చూస్తేనే కబురు తెలిసేది. వారానికి ఆ వీపు కాస్త వదులైంది. మచ్చలు పెరగలేదు, కొత్త చిగురు వేసింది.

ఆ రోజే గునపం తెచ్చి నన్ను బోర్లించింది. రెండు పోట్లు. మొదటిదానికి సొట్ట పడింది, రెండోదానికి వెలుగొచ్చింది. నాకు కోపం రాలేదు. నా గొట్టంలోంచి వచ్చిందేమిటో నేను చూశాను మరి.

నెల తిరిగాక చిన్నంనాయుడు వచ్చాడు. అప్పటికి వంగమొక్కల మీద విత్తనానికి వదిలిన కాయలు పసుపు రంగుకి తిరుగుతున్నాయి.

"వదినా, ఓపాలి డబ్బా ఇత్తావా?"

"మేకుకుంది, పట్టుకెల్లు."

నన్ను ఎత్తాడు. నా అడుగునుంచి ఎండ జారి వాడి పాదం మీద పడింది.

"ఏటిది, బొక్క పడిపోనాది?"

"పడిపోనేదు. నానే పొడిసేను."

వాడు ఎండిన మూడు మొక్కల చోట ఖాళీగా ఉన్న పాదుల్ని చూశాడు. నన్ను చప్పుడు కాకుండా మేకుకి తగిలించాడు. పొలంవైపు దగ్గరిదారి వంగమళ్ళ మధ్యనుంచే. వాడు ఒకసారి గడ్డిమందు తొక్కిన తన కాళ్ళకేసి చూసుకుని, పెరడు చుట్టూ తిరిగి వెళ్ళాడు.